కాయకు గండి పడకుండా

భోగికి నాలుగు రోజుల ముందు మా పెంటపాడు ఇంట్లో పెరటి పొయ్యి వెలిగేది. మూకుడులో నూనె కాగుతుండగా మైదా ముద్ద తడిగుడ్డ కింద నానుతూ ఉండేది. మా మేనత్త కజ్జికాయల చెక్క ముందేసుకుని పీట మీద కూర్చునేది. చిన్నప్పుడు నాకు అప్పగించిన పని ఒక్కటే, పూరీ అంచుకు తడివేలు రాయడం. "అంచు తడిపి గట్టిగా నొక్కవే అమ్మాయ్, లేకపోతే నూనెలో నోరు తెరుస్తుంది" అనేది అత్త.

ఒక ఏడాది తొందరపడి, అప్పుడే పొయ్యి మీంచి దించిన వేడి కొబ్బరి లౌజును పూరీల్లో నింపేశాను. మొదటి వాయిలోనే మూడు కాయలు పేలాయి. బెల్లం నూనెలోకి జారి మాడింది. నూనంతా నల్లబడింది. అత్త కోప్పడలేదు. "పూర్ణంలో నీళ్లున్నాయే. అవి బయటికి దారి చూసుకున్నాయి" అంది.

చాలా ఏళ్ల తర్వాత ఇంట్లో చిన్న ఓవెన్ కొనుక్కుని ‘పై’లు చేయడం మొదలుపెట్టాను. పిండితో చేసిన గిన్నెలో తీపో కారమో నింపి, పైన ఇంకో పిండి రేకు కప్పి కాల్చే వంటకం అది. మామిడిపండుతో చేస్తే అడుగు తడిసి ముద్దయింది. ఉల్లిపాయలతో చేస్తే అంచు తెగి రసం కారింది. కొబ్బరితో చేసింది బాగానే కుదిరింది కానీ మర్నాటికి మెత్తబడింది. ఒక్కో తప్పుకూ కారణం వెతుక్కుంటూ పోతే ప్రతిసారీ అత్త మాట దగ్గరికే వచ్చి ఆగాను. పిండి చుట్టి పూర్ణం పెట్టే ఏ వంటకమైనా నీటికి గట్టు కట్టే పనే. మనది కాలువలు, చెరువులు, కొల్లేరు ఉన్న సీమ. గట్టు ఎక్కడ బలంగా ఉండాలో, తూము ఎక్కడ పెట్టాలో, గండి ఎందుకు పడుతుందో ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. అదే లెక్కతో వంటింట్లోకి వెళితే కజ్జికాయా అర్థమవుతుంది, ఆపిల్ పై కూడా అర్థమవుతుంది.

ఒకే వంశం

మనం కజ్జికాయ అనేదాన్ని తెలంగాణలో గర్జెలంటారు. మహారాష్ట్రలో కరంజి, ఉత్తరాదిలో గుజియా, తమిళనాట సోమాసి. హైదరాబాదు విందుల్లో వడ్డించే లుఖ్మి నలుచదరంగా మడిచి వేయించిన ఖీమా కాయ. బేకరీ అద్దాల వెనక కనిపించే కర్రీ పఫ్ కూడా ఆ వంశంలోదే. ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో మాంసం, బంగాళాదుంప పెట్టి అంచు మెలేసి కాల్చే పాస్టీ ఉంది. దానికి 2011లో ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. స్పానిష్ మాట్లాడే దేశాల ఎంపనాడాను చూస్తే మన కజ్జికాయేనా అనిపిస్తుంది.

ఇవన్నీ ఒకదాన్ని చూసి ఒకటి పుట్టినవి కాకపోవచ్చు. కానీ వీటన్నిటికీ ఎదురైన చిక్కు ఒక్కటే. పూర్ణానికి తడి ఉంటేనే రుచి, పెంకు పొడిగా ఉంటేనే రుచి. పక్కపక్కనే ఉన్న ఈ రెంటిలో తడి ఎక్కువున్న చోటి నుంచి నీరు తడి తక్కువున్న చోటికి నడుస్తూనే ఉంటుంది. వంట చేసేవాళ్లు ఆ నడకను పూర్తిగా ఆపలేరు. నెమ్మది చేయగలరు, అంతే.

పిండిలో అల్లుకునే వల

మైదా ముద్ద కలిపి అరగంట నాననిచ్చి, పల్చటి ధార కింద పట్టుకుని పిసకండి. తెల్లటి నీళ్లు కారిపోతాయి. అది గంజిపదార్థం, అంటే పిండిలోని స్టార్చి. పది నిమిషాలు పిసికాక చేతిలో బూడిదరంగు ముద్ద మిగులుతుంది. లాగితే రబ్బరులా సాగుతుంది. ఇదే గ్లూటెన్. ఇటలీలోని బొలోన్యాలో యాకొపో బెకారి అనే శాస్త్రవేత్త ఇదే పని చేసి, 1728లో అక్కడి విద్వత్సభకు వివరించాడు. 1745లో అది అచ్చయింది.

గోధుమలో గ్లయాడిన్, గ్లుటెనిన్ అనే రెండు రకాల ప్రోటీన్లు ఉంటాయి. పొడి పిండిలో అవి విడివిడిగా పడి ఉంటాయి. నీళ్లు తగిలి, చెయ్యి పడగానే ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. గ్లయాడిన్ సాగుడునిస్తే గ్లుటెనిన్ బిగువునిస్తుంది. కొల్లేరు జాలరి వల చేపను పట్టినట్టే ఈ వల గంజి రేణువులనూ గాలిబుడగలనూ పట్టి ఉంచుతుంది.

ఎంత వల కావాలన్నది వంటకాన్ని బట్టి ఉంటుంది. బొబ్బట్టుకు బాగా కావాలి. పూర్ణం ముద్దను కడుపులో పెట్టుకుని చిరగకుండా చేటంత వెడల్పు సాగాలి. అందుకే బొబ్బట్ల పిండిని జారుగా కలిపి, నూనె పోసి గంటలకొద్దీ నానబెడతారు. నానేకొద్దీ వలలోని బిగువు సడలి, వేలితో తడితే చాలు పరుచుకుంటుంది. కజ్జికాయకు అంత సాగుడు పనికిరాదు. వల గట్టిగా అల్లుకుంటే కాయ పంటికింద తోలులా అవుతుంది. ‘పై’కి ఇంకా తక్కువ చాలు. నోట్లో పెట్టుకోగానే పొడిపొడిగా రాలాలి. ఈ మూడు వంటకాల తేడా అంతా ఆ వల ఎంత అల్లుకుంది అన్నదాంట్లోనే ఉంది.

పేరుకున్న నెయ్యి, కరిగిన నెయ్యి

వల అల్లుకోకుండా అడ్డుపడేది కొవ్వు. పొడి పిండిలో నెయ్యి వేసి వేళ్లతో రుద్దితే పిండి రేణువుల చుట్టూ జిడ్డు పొర ఏర్పడుతుంది. ఆ తర్వాత నీళ్లు పోసినా అన్ని రేణువులకూ తడి అందదు. అందిన చోట మాత్రమే వల అల్లుకుంటుంది, అదీ ముక్కలు ముక్కలుగా. అత్త దీనికి పెట్టుకున్న కొలమానం చిన్నది. నెయ్యి పట్టించిన పొడి పిండిని గుప్పిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. ఆ గుర్తు కనిపించాకే నీళ్లు పోసేది.

ఇక్కడొక పరీక్ష మీరూ చేయవచ్చు. వంద గ్రాముల చొప్పున మైదాను మూడు గిన్నెల్లో తీసుకోండి. ఒకదాంట్లో ఉత్త నీళ్లు పోసి కలపండి. రెండోదాంట్లో రెండు పెద్ద చెంచాల నూనె పట్టించి కలపండి. మూడోదాంట్లో అంతే పేరుకున్న నెయ్యిని శనగగింజంత పలుకులుగా ఉంచి, చల్లటి నీళ్లతో దగ్గరికి తీయండి. మూడింటినీ ఒకే మందంలో ఒత్తి ఒకేలా కాల్చండి. మొదటిది గట్టిగా, తోలుగా వస్తుంది. రెండోది గుల్లగా విరుగుతుంది కానీ పొరలుండవు. మూడోది పొరలు పొరలుగా విచ్చుతుంది. ఘనంగా ఉన్న నెయ్యి పలుకు అప్పడాల కర్ర కింద రేకులా నలిగి రెండు పిండి పొరల మధ్య నిలబడడమే కారణం. పొయ్యి వేడికి అది కరిగేసరికి పిండి గట్టిపడడం మొదలవుతుంది. నెయ్యి ఉన్న చోట ఖాళీ మిగులుతుంది.

వెన్నకు ఇంకో బలం ఉంది. అందులో నూటికి పదహారు పాళ్లు నీరే. వేడికి ఆ నీరు ఆవిరై దాదాపు పదహారు వందల రెట్లు వ్యాకోచించి పొరలను పైకి లేపుతుంది. నేతిలో ఆ నీరు లేదు. కాబట్టి నెయ్యితో చేసిన పొరలు అంతగా ఉబ్బవు, కానీ కరకరలాడతాయి. తాపేశ్వరం మడతకాజాలోనూ ఇదే సూత్రం. పల్చగా ఒత్తిన పిండి రేకు మీద కొవ్వు పూసి, చాపలా చుట్టి, ముక్కలు కోసి వేయిస్తే మడత మడతకూ మధ్య నూనె చొరబడి కాజా విచ్చుకుంటుంది. ఆ సందుల్లోకే పాకం వెళుతుంది. పఫ్ చేసే బేకరీవాళ్లు పిండిలో కొవ్వు పెట్టి మూడు మడతల చొప్పున ఆరుసార్లు మడిస్తే కొవ్వు పొరలు 729 అవుతాయి. మూడును ఆరుసార్లు హెచ్చవేసి చూడండి.

అయితే ఇదంతా కొవ్వు ఘనంగా ఉన్నంతసేపే. సంక్రాంతి చలిలో మన నెయ్యి డబ్బాలో పూసగా పేరుకుని ఉంటుంది. మే నెలలో నీళ్లలా ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం పెంటపాడు వంటింట్లో పొరల పిండి చేయబోతే నెయ్యి కరిగి పిండిలో ఇంకిపోయి, మూడో గిన్నె కాస్తా రెండో గిన్నె అవుతుంది. అందుకే వేసవిలో నేను తెల్లవారుజామునే పిండి కలిపి ఫ్రిజ్‌లో పెడతాను. అప్పడాల కర్రను కూడా చల్లబరుస్తాను.

బేకరీల్లో ఈ ఇబ్బందిని దాటడానికి ఒకప్పుడు హైడ్రోజన్ పట్టించి గట్టిపరిచిన వనస్పతి వాడేవారు. దాంతోపాటు గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వులూ వచ్చేవి. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో అవి నూటికి రెండు పాళ్లు మించకూడదన్న నిబంధన అమల్లో ఉంది. పామాయిల్‌కు ఆ ప్రక్రియ అక్కర్లేదు. దాని కొవ్వుల్లో దాదాపు సగం సహజంగానే సంతృప్తమైనవి. చలికాలంలో పామాయిల్ ప్యాకెట్ పేరుకునేది అందుకే. ఆయిల్‌పామ్ పంట మీద పరిశోధించే జాతీయ సంస్థ మనకు దగ్గరలోనే, ఏలూరు పక్కన పెదవేగిలో ఉంది. ఏది వాడినా కొవ్వు కొవ్వే కాబట్టి పండగ వంటకాన్ని పండగ వంటకంగానే తినడం మంచిది.

బియ్యప్పిండి దారి వేరు

మా గోదావరి డెల్టా మాగాణి గోధుమది కాదు, వరిది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువల నీళ్లు ఈ నేలను వరిచేలుగా మార్చాయి. పక్కనే మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ వంగడం దేశమంతా పాకింది. మన పూర్వపు తీపి వంటలు చాలావరకు బియ్యప్పిండితోనే ఉండడంలో వింత లేదు.

బియ్యంలో గ్లూటెన్ ఉండదు. చల్లటి నీళ్లతో కలిపిన బియ్యప్పిండిని ఒత్తితే పగుళ్లు వస్తాయి. మరి వినాయక చవితి జిల్లేడుకాయ ఎలా నిలుస్తుంది? మరిగే నీళ్లలో పిండి పోసి ఉక్కిస్తారు. గంజి రేణువులు వేడి నీళ్లు పీల్చి ఉబ్బి, పగిలి, జిగురవుతాయి. బియ్యంలో ఇది సుమారు 65 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ మధ్య జరుగుతుంది. వల అల్లలేని పిండికి ఈ జిగురే పట్టు. దాన్ని అరచేతిలో పల్చగా తట్టి, కొబ్బరి బెల్లం పెట్టి, మడిచి, ఆవిరి మీద ఉడికిస్తారు.

ఇంగ్లండులో మాంసంతో చేసే నిలువు గోడల ‘పై’లకు కూడా పిండిని మరిగే నీళ్లతో, పంది కొవ్వుతో కలుపుతారు. అక్కడా సూత్రం ఇదే. వేడికి గోధుమ గంజి కొంత ముందుగానే ఉడికి జిగురు పట్టడం వల్ల అచ్చు లేకపోయినా గోడ నిలబడుతుంది. మధ్యయుగాల్లో ఆ పెంకును చాలా మందంగా చేసేవారు. అది తినడానికన్నా లోపలి మాంసాన్ని ఉడికించి దాచే పాత్రగానే ఎక్కువ పనికొచ్చేది. జిల్లేడుకాయను తట్టే మన అమ్మమ్మా, ఆ పై గోడను కట్టే ఆ ఊరి వంటమనిషీ ఒకరినొకరు ఎరగరు. మరిగే నీళ్లకు గంజి ఏమవుతుందో మాత్రం ఇద్దరికీ తెలుసు.

తూము ఉన్న గట్టు, తూము లేని గట్టు

ఇప్పుడు అసలు తేడా దగ్గరికి వద్దాం. ‘పై’ మీద కత్తితో నాలుగు గాట్లు పెడతారు. పూర్ణం ఉడికేటప్పుడు లేచే ఆవిరి ఆ గాట్లలోంచి పోతుంది. అది తూము. ఓవెన్‌లో చుట్టూ ఉన్నది వేడిగాలి కాబట్టి తూము తెరిచి ఉన్నా నష్టం లేదు. కజ్జికాయ చుట్టూ ఉన్నది నూనె. గాటు పెడితే నూనె లోపలికి, బెల్లం బయటికి. కాబట్టి కజ్జికాయకు తూము ఉండకూడదు. తూము లేని గట్టు వెనక నీరు ఎక్కువుంటే గండి పడక తప్పదు. మన కజ్జికాయల పూర్ణం పొడిగా ఉండడానికీ, ‘పై’ పూర్ణం జారుగా ఉండగలగడానికీ కారణం ఇదే. కాల్చడం, వేయించడం అన్న పద్ధతే లోపలి రుచిని నిర్ణయించింది.

నూనెలో కాయ వేయగానే బుడగలు లేస్తాయి. అవి నూనె బుడగలు కావు, పిండిలోని నీరు ఆవిరై తప్పించుకుంటున్న గుర్తులు. నూనె 160 డిగ్రీల ప్రాంతంలో ఉన్నా, తడి ఉన్నంతసేపు పిండి వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగుతుంది. పైపొర ఆరాకే వేడి పెరిగి రంగు మారుతుంది. ప్రోటీన్లూ చక్కెరలూ వేడికి కలిసి గోధుమవర్ణాన్నీ కమ్మటి వాసననూ పుట్టించే ఈ చర్యను ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మయార్ 1912లో వివరించాడు. అత్త ఈ దశను చెవితో పట్టుకునేది. బుడబుడ సద్దు నెమ్మదించగానే "నూనె మాట తగ్గింది, తీసెయ్యి" అనేది. సద్దు తగ్గిందంటే తడి తగ్గిందన్నమాటే.

వేగుతున్నంతసేపూ బయటికి తోసుకొచ్చే ఆవిరి నూనెను లోపలికి రానివ్వదు. నూనె ఎక్కువగా ఇంకేది కాయను బయటికి తీశాకే. చల్లారేకొద్దీ లోపలి ఆవిరి కుంచించుకుపోయి, పైన అంటుకున్న నూనెను రంధ్రాల్లోకి లాగుతుంది. వేడిగా ఉన్నప్పుడే చిల్లుల గరిటెలో నిలువుగా పట్టి ఓడ్చాలని పెద్దలు చెప్పేది అందుకు.

అంచు సంగతి కూడా నీటిదే. రెండు అంచుల మధ్య తడి తగిలితే పైపొర గంజీ ప్రోటీన్లూ జిగురై అతుక్కుంటాయి, వేడికి ఆ అతుకు ఉడికి గట్టిపడుతుంది. అక్కడ నెయ్యి మరకో పూర్ణం పలుకో ఉంటే అతుకు కుదరదు. మెలిక వేయడం అందానికే కాదు, అతుకును ఇంకా గట్టి చేస్తుంది. కాయలో గాలి మిగలకుండా నొక్కడం కూడా ముఖ్యం. చిక్కుకున్న గాలి వేడికి ఉబ్బి, ఆవిరితో కలిసి అంచు మీద ఒత్తిడి పెంచుతుంది.

తీపి పూర్ణం లెక్క

పచ్చి కొబ్బరిలో బరువులో దాదాపు సగం నీరే. ఎండు కొబ్బరిలో నూటికి అయిదారు పాళ్లు మించదు. నెలరోజులు నిలవుండే కజ్జికాయల్లో ఎండు కొబ్బరి, వేయించిన రవ్వ, పుట్నాల పొడి, పంచదార ఉంటాయి. పచ్చి కొబ్బరి లౌజు పెట్టినవి రెండు మూడు రోజుల్లో తినెయ్యాలి.

కానీ నీరు ఎంతుంది అన్నదొక్కటే చాలదు. ఆ నీరు స్వేచ్ఛగా ఉందా, బందీగా ఉందా అన్నది ముఖ్యం. ఆస్ట్రేలియాకు చెందిన విలియం స్కాట్ 1953లో ఈ సంగతిని ఆహారంలోని సూక్ష్మజీవులకు ముడిపెట్టి చూపాడు. శుద్ధమైన నీటికి విలువ 1 అనుకుంటే, ఆహారంలోని నీటి స్వేచ్ఛ 0.6కు దిగితే ఏ బూజూ ఏ బాక్టీరియా పెరగలేవు. చక్కెర, ఉప్పు నీటి అణువులను తమకు కట్టేసుకుంటాయి. ఆవకాయలో ఉప్పు చేసేదీ, లౌజులో బెల్లం చేసేదీ అదే. పాకం ముదిరేకొద్దీ నిలవ పెరగడం కూడా అందుకే.

బెల్లానికి ఒక బలహీనత ఉంది. అందులో సుక్రోజుతోపాటు కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి. ఫ్రక్టోజు గాలిలోని తేమను గబగబా లాక్కుంటుంది. వానాకాలంలో బెల్లం అచ్చు చెమర్చినట్టు ఉండేది ఇందుకే. బెల్లం పూర్ణం రుచిలో పంచదారను మించుతుంది, పెంకును మెత్తబరచడంలోనూ మించుతుంది.

మామిడిపండు మరీ కష్టం. నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరే. నూజివీడు రసాలు తాగడానికి అమృతం కానీ ‘పై’కి పనికిరావు. గట్టి కండ ఉన్న బంగినపల్లి నయం. ముక్కలకు పంచదార పట్టించి అరగంట ఉంచితే రసం ఊరుతుంది. ఆ రసాన్ని వేరుగా మరిగించి సగానికి దించి, రెండు చెంచాల మొక్కజొన్న పిండి కలిపి చిక్కబరచి, చల్లార్చి, ముక్కలతో కలపాలి. కాలిన పైని వెంటనే కోస్తే పూర్ణం పారుతుంది. చల్లారేటప్పుడే గంజి అణువులు మళ్లీ దగ్గరై రసాన్ని పట్టుకుంటాయి. రెండు మూడు గంటలు ఆగడం వంటలో భాగమే.

అడుగు తడవకుండా రెండు ఉపాయాలు నాకు బాగా కలిసొచ్చాయి. ఒకటి కజ్జికాయల నుంచి నేర్చుకున్నది. పిండి గిన్నె అడుగున రెండు చెంచాల వేయించిన బొంబాయి రవ్వ చల్లితే పైనుంచి దిగే రసాన్ని అది పీల్చుకుంటుంది. రెండోది కోకో. మన ఉమ్మడి పశ్చిమ గోదావరిలో కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతరపంటగా కోకో పండుతుంది. ముందే కాల్చి చల్లార్చిన పిండి గిన్నె లోపల కరిగించిన చాక్లెట్ పల్చగా పూసి ఆరనిస్తే అందులోని కొవ్వు నీటికి అడ్డుగోడ అవుతుంది. మళ్లీ కాల్చనక్కరలేని చల్లటి పూర్ణాలకు ఇది బాగా నప్పుతుంది. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి మన వేసవిలో ఫ్రిజ్ బయట ఈ గోడ నిలవదు.

కారం పూర్ణం: రొయ్యలు, ఉల్లిపాయలు

తాడేపల్లిగూడెం మార్కెట్‌కు కర్నూలు ఉల్లి లారీలకొద్దీ వస్తుంది. కైకలూరు, ఆకివీడు చెరువుల్లో రొయ్య పండుతుంది. ఈ రెండూ కలిస్తే కారప్పొడి చల్లిన ‘పై’ పూర్ణానికి ఇంతకన్నా మంచి జోడీ లేదు. రెండూ నీటి బుట్టలే. ఉల్లిలో నూటికి 89 పాళ్ల నీరు, పచ్చి రొయ్యలో ముప్పాతిక భాగానికి పైగా నీరు.

ఉల్లి తరుగుకు ఉప్పు చల్లితే కణాల్లోని నీరు బయటికి వస్తుంది. బయటి ఉప్పు గాఢత లోపలికన్నా ఎక్కువ కాబట్టి కణపొరను దాటుకుని నీరు అటు పరుగెడుతుంది. అలా కొంత తగ్గించి, మిగిలింది సన్నటి మంట మీద అరగంటకు పైగా మగ్గించి పోగొట్టాలి. ఉల్లి నాలుగో వంతుకు కుదించుకుపోయి, ఎర్రబడి, తీపి తేలుతుంది.

రొయ్యను వేడి చేస్తే రెండు సంగతులు కళ్లముందే జరుగుతాయి. బూడిదరంగు పోయి ఎరుపు వస్తుంది. ఆ ఎరుపు కొత్తగా పుట్టింది కాదు. అస్టాజాంథిన్ అనే వర్ణకం పచ్చి రొయ్యలో ఒక ప్రోటీన్‌తో ముడిపడి రంగు మరుగున ఉంటుంది. వేడికి ఆ ప్రోటీన్ విడిపోగానే వర్ణకం బయటపడుతుంది. రెండోది, కండ ప్రోటీన్లు ముడుచుకుని నీటిని పిండేస్తాయి. పచ్చి రొయ్యను నేరుగా పైలో పెడితే ఆ నీరంతా పెంకులోకి దిగుతుంది. అందుకే ముందు పసుపు, ఉప్పు వేసి నీరు ఇగిరేదాకా రెండు మూడు నిమిషాలు వేపాలి. ఓవెన్‌లో మళ్లీ వేడి తగులుతుంది కాబట్టి మరీ వేపితే రబ్బరవుతుంది. చివర్లో ఒక చెంచా వేయించిన శనగపిండి కలిపితే మిగిలిన తడిని కట్టేస్తుంది.

ఒక హెచ్చరిక మాత్రం మనసులో పెట్టుకోవాలి. తీపి కజ్జికాయలా దీన్ని డబ్బాలో దాచకూడదు. ఈ పూర్ణంలో నీటి స్వేచ్ఛ ఎక్కువ, పులుపు తక్కువ, ప్రోటీన్ బోలెడు. సూక్ష్మజీవులకు ఇంతకన్నా అనుకూలమైన చోటు లేదు. బయట రెండు గంటలకు మించి ఉంచకండి, వేసవిలో గంటకు మించి వద్దు. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు ఆవిర్లు వచ్చేదాకా వేడి చేయండి.

ఒక ముద్ద, రెండు పూర్ణాలు

పావుకిలో మైదా, అర చెంచా ఉప్పు, వంద గ్రాముల పేరుకున్న నెయ్యి. నెయ్యిలో సగం పూర్తిగా పిండిలో రుద్దేయండి, మిగతా సగం పలుకులుగా ఉంచండి. రుద్దిన సగం వలను ఆపుతుంది, పలుకులుగా ఉన్న సగం పొరలనిస్తుంది. డెబ్బై మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు కొంచెం కొంచెంగా చిలకరించి, పిసక్కుండా దగ్గరికి తీయండి. అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. ఈలోగా లోపలి తడి పిండంతా సమంగా సర్దుకుంటుంది, నెయ్యి గట్టిపడుతుంది.

సగం ముద్దతో తీపి, సగంతో కారం చేయండి. అడుగు రేకు పరిచి, పూర్తిగా చల్లారిన పూర్ణం పెట్టండి. వేడి పూర్ణం పెడితే నెయ్యి ఓవెన్‌కు వెళ్లకముందే కరిగిపోతుంది. చిన్నప్పుడు నా మొదటి వాయి పాడైంది ఆ తొందరలోనే. అంచు తడిపి, పై రేకు కప్పి, మెలేసి, మూడు నాలుగు గాట్లు పెట్టండి. ముందుగా వేడెక్కించిన ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర ముప్ఫై అయిదు నుంచి నలభై నిమిషాలు కాల్చండి. మొదటి నిమిషాల వేడి చురుగ్గా ఉండాలి. అడుగు రేకు రసం తాగకముందే ఉడికి గట్టిపడాలి.

కరకర ఎందుకు పోతుంది

కరకరలాడడం కూడా నీటి లెక్కే. బాగా ఆరిన పిండిలో గంజి అణువులు కదలడానికి వీల్లేకుండా బిగుసుకుని ఉంటాయి. గాజులోని అణువులు కూడా అలాగే ఉంటాయి కాబట్టి దీన్ని గాజు స్థితి అంటారు. విరిస్తే ఫట్‌మని విరుగుతుంది. గాలిలోంచి కాస్త నీరు చేరిందా, ఆ అణువుల మధ్య దూరి కందెనలా పనిచేస్తుంది. అణువులు జారడం మొదలుపెడతాయి. ఫట్ పోయి మెత్తదనం వస్తుంది. మన వైపు చెరువుల మీంచి, కాలువల మీంచి వచ్చే గాలిలో తేమకు కొదవ లేదు. కాబట్టి కజ్జికాయలు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి మూత బిగించాలి. వేడిగా మూత పెడితే కాయల్లోని ఆవిరే మూతకు చెమటై మళ్లీ వాటి మీదే పడుతుంది. మెత్తబడ్డవాటిని సన్నటి వేడి మీద పది నిమిషాలు ఉంచితే ఆ నీరు మళ్లీ పోయి కరకర తిరిగొస్తుంది.

ఈ సంక్రాంతికి మీ ఇంట్లో చిన్న వంట త్రాసు ఉంటే ఒక పని చేయండి. వేయించిన కజ్జికాయలు మూడు తీసుకుని బరువు రాసి పెట్టుకోండి. ఒకటి బిగుతు డబ్బాలో, ఒకటి విడిగా పళ్లెంలో, ఒకటి తడిగుడ్డ పక్కన మూసిన గిన్నెలో ఉంచండి. రోజూ అదే వేళకు తూచి, నాలుగు రోజుల అంకెలు ఒక కాగితం మీద రాయండి. పిల్లల చేత రాయించండి. నాలుగో రోజున మూడింటినీ విరిచి చప్పుడు వినండి. ఏ కాయ ఎంత బరువెక్కిందో ఆ చప్పుడులోనే తెలుస్తుంది.

మా అత్త త్రాసు పట్టలేదు, గ్లూటెన్ మాట వినలేదు. పూర్ణం చల్లార్చమనేది, అంచు తడపమనేది, నూనె మాట వినమనేది. మూడూ నీళ్ల గురించి చెప్పినవేనని ఓవెన్ ముందు కూర్చున్నాకే నాకు తెలిసింది.